డిగ్రీ ప్రాజెక్టుల మూల్యాంకనం: నివేదిక నుంచి నిర్వహణ వైపు (మణుగూరు ప్రాంత నేపథ్యం)

వ్యాస సంగ్రహం:

డిగ్రీ చివరి సెమిస్టరులో విద్యార్థి చేసే ప్రాజెక్టుకు మార్కులు వేసేటప్పుడు సాధారణంగా పరీక్షకుడి ముందు ఉండేది బైండు చేసిన నివేదిక ఒక్కటే. ఆ నివేదిక వెనుక జరిగిన పని ఎంత, అది ఎలా జరిగింది, ఎవరి సహకారంతో జరిగింది అన్న విషయాలు మార్కుల్లోకి రావడం తక్కువ. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు వంటి అటవీ, గని ప్రాంతాల్లో ఈ పద్ధతివల్ల క్షేత్రాన్ని బాగా ఎరిగిన విద్యార్థి నష్టపోయే అవకాశం ఎక్కువ. నివేదికను మాత్రమే కాక ప్రాజెక్టు నిర్వహణను కూడా కొలవదగిన ఆనవాళ్లేమిటో, వాటికి మార్కులు ఎలా పంచవచ్చో, ఇద్దరు పరీక్షకుల మధ్య ఏకాభిప్రాయాన్ని ఎలా సరిచూసుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఉదాహరణలన్నీ తెలుగు, జానపద, గిరిజన అధ్యయనాలకు సంబంధించినవి.

కీలకపదాలు: మూల్యాంకనం, ప్రాజెక్టు, క్షేత్ర దినచర్య, మౌఖిక పరీక్ష, కోయ భాష, మణుగూరు, గ్రంథచౌర్యం, సింగరేణి.

1. ఉపోద్ఘాతం:

మూడేళ్ల డిగ్రీ చదువులో విద్యార్థి రాసే పరీక్షలన్నీ ఇతరులు వేసిన ప్రశ్నలకు జవాబులే. తానే ఒక ప్రశ్న వేసుకొని, దానికి జవాబు వెతికే అవకాశం ప్రాజెక్టులోనే లభిస్తుంది. తెలంగాణ విశ్వవిద్యాలయాల ఎంపికాధారిత క్రెడిట్ విధానంలో ఆరో సెమిస్టరులో ప్రాజెక్టుకు గాని, దానికి ప్రత్యామ్నాయమైన పత్రానికి గాని 4 క్రెడిట్లు ఉన్నాయి. తెలంగాణ కళాశాల విద్యా కమిషనరేట్ ప్రభుత్వ డిగ్రీ కళాశాలల విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టులకు 'జిజ్ఞాస' పేరుతో పోటీలు నిర్వహిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి సంవత్సరం ముగిశాక 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును డిగ్రీలో తప్పనిసరి చేశారు. అంటే పాఠ్యప్రణాళికలో ప్రాజెక్టుకు స్థానం దొరికింది. దానిని కొలిచే పద్ధతి మాత్రం ఇంకా స్థిరపడవలసి ఉంది.

వ్యాసరూప పరీక్షకు ఎంతో కొంత ఉమ్మడి కొలమానం ఉంది. ప్రశ్న అందరికీ ఒకటే, సమయం ఒకటే, రాసే గది ఒకటే. ప్రాజెక్టులో ఇవేవీ ఉమ్మడి కావు. ఒకరి విషయం బతుకమ్మ పాటలు, మరొకరిది బొగ్గుగని కార్మికుల పదజాలం. ఒకరి క్షేత్రం ఇంటి పక్కనే ఉంటుంది, మరొకరిది వాగు దాటిన గూడెంలో ఉంటుంది. ఇన్ని తేడాలున్న పనులను ఒకే వరుసలో నిలబెట్టి మార్కులు వేయాలంటే దేనిని కొలుస్తున్నామో ముందే తేల్చుకోవాలి. మూల్యాంకనం అన్న మాటలోనే మూల్యం ఉంది. దేనికి విలువ కడతామో విద్యార్థి దానినే సంపాదించడానికి ప్రయత్నిస్తాడు. అట్టకూ పుటల సంఖ్యకూ విలువ కడితే అవే వస్తాయి.

2. పరిశోధన క్షేత్రంగా మణుగూరు:

గోదావరి ఒడ్డునున్న మణుగూరు 2016 అక్టోబర్ 11న ఖమ్మం జిల్లా నుంచి విడివడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగం. ఇది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఏజెన్సీ ప్రాంతం. ఒకవైపు సింగరేణి ఉపరితల గనులు, పొరుగున అశ్వాపురం మండలంలో 1991లో ఉత్పత్తి మొదలుపెట్టిన భారజల కర్మాగారం, ఒక్కొక్కటి 270 మెగావాట్ల నాలుగు యూనిట్లున్న భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. మరోవైపు కోయ గూడేలు, పోడు భూములు, తునికాకు అడవి ఉన్నాయి. పనికోసం వేరే ప్రాంతాలనుంచి వచ్చి స్థిరపడిన గని కార్మికుల తెలుగు, స్థానిక రైతుల తెలుగు, కోయ భాష ఒకే సంతలో వినిపిస్తాయి.

తెలుగు విద్యార్థికి ఇంతకన్నా సమృద్ధమైన క్షేత్రం దొరకడం కష్టం. గని కార్మికుల నోట 'బాయి', 'మస్టరు', 'ప్లేడే' అన్న మాటలు ఏ అర్థఛాయలతో పలుకుతాయో సేకరించవచ్చు. తునికాకు సేకరణలో 'కట్ట', 'కల్లం', 'కల్లేదారు' వంటి పదాల చుట్టూ ఉన్న లెక్కలను, నమ్మకాలను నమోదు చేయవచ్చు. కోయ వంశ చరిత్రలను బొమ్మలుగా మోసే పడిగెలను, వాటిని గానంలో వివరించే డోలి కళాకారుల సంప్రదాయాన్ని అధ్యయనం చేయవచ్చు.

ఆ సంప్రదాయానికి దేశస్థాయి గుర్తింపు తెచ్చిన సకిని రామచంద్రయ్యది మణుగూరు మండలం కూనవరం. కంచుమేళం వాయిస్తూ సమ్మక్క సారలమ్మల గాథను, ఇతర కోయ వీరుల చరిత్రలను గానం చేసిన ఆయనకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. మౌఖిక సంప్రదాయంలో ఒక గాయకుడు వెళ్లిపోతే ఆయన గొంతులో మాత్రమే ఉన్న కథాభేదాలు కూడా వెళ్లిపోతాయి. కాబట్టి ఇటువంటి ప్రాంతంలో డిగ్రీ విద్యార్థి చేసే చిన్న ప్రాజెక్టు సైతం నిజంగా జరిగితే ఒక ఆధారపత్రమవుతుంది. జరిగినట్టు కాగితంమీద కనిపిస్తే మాత్రం ఆధారమూ మిగలదు, అవకాశమూ మిగలదు. మూల్యాంకనం ఈ రెండింటినీ వేరు చేయగలగాలి.

3. నివేదికకే మార్కులు వేసే పద్ధతి – పరిమితులు:

నివేదికను చదివి మొత్తం మీద కలిగిన అభిప్రాయంతో మార్కులు వేయడం అనుభవజ్ఞులైన అధ్యాపకులకు సహజంగా అబ్బిన పద్ధతి. దీనికి మూడు పరిమితులున్నాయి.

మొదటిది పరీక్షకుల మధ్య తేడా. అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ 1912లో ప్రకటించిన అధ్యయనంలో ఒకే ఇంగ్లీషు జవాబుపత్రానికి వేర్వేరు ఉపాధ్యాయులు వేసిన మార్కులు నూటికి 64 నుంచి 98 వరకు, మరో పత్రానికి 50 నుంచి 97 వరకు ఉన్నాయి. పత్రం మారలేదు, చదివినవారు మారారు. ప్రశ్న, పరిధి ముందే నిర్ణయమైన పాఠశాల పత్రానికే ఇంత అంతరం వస్తే, విషయమే ఒక్కొక్కరికి ఒక్కొక్కటైన ప్రాజెక్టులో అది తగ్గుతుందని ఆశించలేం.

రెండవది భాషవల్ల కలిగే భ్రమ. చక్కని గ్రాంథిక ధోరణి, పొడవైన ఉపోద్ఘాతం, శాస్త్రీయంగా వినిపించే పదజాలం చూసిన పరీక్షకుడు పని కూడా చక్కగానే జరిగి ఉంటుందని అనుకుంటాడు. కోయ ఇంటిభాషగా ఉన్న విద్యార్థికి ప్రామాణిక తెలుగు బడిలో నేర్చుకున్న భాష. భాషాశాస్త్రవేత్తలు తెలుగును, గోండీ–కోయలను ద్రావిడ కుటుంబంలో ఒకే ఉపశాఖలో చేర్చారు గాని, ఆ చుట్టరికం విభక్తి దోషాలను ఆపదు. గూడెంలో ముసలివాళ్లు విడమరచి చెప్పిన విషయాన్ని ఏ అనువాదకుడి సాయమూ లేకుండా అర్థం చేసుకోగలిగిన విద్యార్థి, దానిని నివేదికలో రాసేటప్పుడు తడబడి మార్కులు పోగొట్టుకుంటాడు. ఆ గూడెం మొహం చూడకుండా పుస్తకాలనుంచి ఎత్తి రాసిన విద్యార్థి వాక్యం తడబడదు.

మూడవది నకలు సమస్య. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 జూలైలో తెచ్చిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనలు 10 శాతం వరకు పోలికను స్వల్పంగా పరిగణించి శిక్షనుంచి మినహాయించాయి. 10 నుంచి 40, 40 నుంచి 60, 60 పైన అన్న మూడు స్థాయులకు శిక్షలు నిర్ణయించాయి. అయితే ఆ శిక్షలు స్నాతకోత్తర, పరిశోధన స్థాయి విద్యార్థులనూ, అధ్యాపకులనూ ఉద్దేశించినవి. డిగ్రీ ప్రాజెక్టు ఆ చట్రానికి బయటే ఉండిపోయింది. పైగా పోలికలు వెతికే సాఫ్ట్‌వేర్ తెలుగులో పూర్తిగా ఆధారపడదగినది కాదు. డీటీపీ కేంద్రాల్లో యూనికోడేతర ఫాంట్లతో టైపు చేసిన పాఠం మనిషి కంటికి తెలుగుగానే కనిపిస్తుంది, యంత్రానికి మాత్రం అర్థంలేని అక్షరాల వరుసగా అందుతుంది. కృత్రిమ మేధ పరికరాలు అందుబాటులోకి వచ్చాక మరో చిక్కు చేరింది. అవి రాసిచ్చిన వాక్యం ఎక్కడా అచ్చుకాలేదు కనుక పోలిక శాతం సున్నాగా తేలినా, క్షేత్రంలో జరిగిన పని కూడా సున్నాయే కావచ్చు.

ఈ మూడు పరిమితులకూ మూలం ఒక్కటే. నివేదిక పనికి సాక్ష్యమే తప్ప పని కాదు. ఒకే సాక్ష్యంతో తీర్పు చెప్పడం వల్లనే ఈ ఇబ్బంది వస్తోంది. మిగిలిన సాక్ష్యాలనూ పిలవాలి.

4. నిర్వహణకు ఆనవాళ్లు:

ప్రాజెక్టు ఎలా నడిచిందో తెలిపే ఆనవాళ్లు ఎన్నో ఉంటాయి. వాటిలో పరీక్షకుడు సులభంగా పరిశీలించదగినవి ఐదు.

4.1 ప్రశ్న ఇరుకుకావడం:

'కోయల సంస్కృతి' ఒక శీర్షిక మాత్రమే, పరిశోధన ప్రశ్న కాదు. 'మణుగూరు మండలంలోని ఒక గూడెంలో తునికాకు పనికి సంబంధించిన కోయ పదాల్లో ఎన్నింటికి తెలుగు పదాలు బదులు వచ్చాయి?' అన్నది ప్రశ్న. మొదటి దశనుంచి రెండో దశకు విద్యార్థి ఎలా వచ్చాడో తెలియాలంటే తొలి ప్రతిపాదనను, మధ్యలో చేసిన సవరణలను, తుది శీర్షికను పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిరోజు రాసిన శీర్షికే చివరిదాకా చెక్కుచెదరకుండా ఉంటే క్షేత్రం విద్యార్థికి ఏమీ నేర్పలేదని అనుమానించవచ్చు.

4.2 కాలానికీ క్షేత్రానికీ పొందిక:

అడవికి తనదైన క్యాలెండరు ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి మోళ్లను కొట్టి చదును చేస్తారు. లేత చిగుళ్లు ముదిరి కోతకు వచ్చేసరికి ఏప్రిల్, మే నెలలవుతాయి. ఇప్పపూలు రాలేది వేసవి మొదట్లో. మేడారం జాతర రెండేళ్లకు ఒకసారి మాఘమాసంలో వస్తుంది. అందువల్ల ఫిబ్రవరి చివరలో క్షేత్రపర్యటన జరిపినట్టు రాసిన నివేదికలో ఆకు కోతను కళ్లారా చూసినట్టు వర్ణన ఉంటే పరీక్షకుడు ఆగి ప్రశ్నించాలి. అదే విద్యార్థి 'కోత చూడలేదు, మోళ్లు కొట్టడం చూశాను, కోత గురించి ముగ్గురు చెప్పింది విన్నాను' అని రాస్తే అది లోపం కాదు. చూసినదానికీ విన్నదానికీ తేడా తెలిసినందుకు మార్కులు కలపాలి.

4.3 క్షేత్ర దినచర్య:

తేదీ, చోటు, కలిసిన మనిషి, మాట్లాడిన భాష, అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, అర్థంకాని విషయం అన్న ఏడు అంశాలతో అక్కడికక్కడే రాసుకున్న పుస్తకం క్షేత్ర దినచర్య. దీనిలో అక్షరదోషాలకు మార్కులు తగ్గించకూడదు. కోయ మాటను తెలుగు లిపిలో రాయడానికి విద్యార్థి పడిన తంటాలు, కొట్టివేతలు, పక్కన గీసిన బొమ్మలు అన్నీ విలువైనవే. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో రూపొంది 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను పల్లెపల్లెనా అడిగి సేకరించి నిర్మించినది. పదం ఏ ప్రాంతంలో వినిపించిందో నమోదు చేయడం ఆ పనికి ప్రాణం. డిగ్రీ విద్యార్థినుంచి అంత విస్తృతిని ఆశించనక్కరలేదు. పదం పక్కన ఊరు, తేదీ, చెప్పినవారి వయసు, వృత్తి రాయడమన్న క్రమశిక్షణను ఆశించవచ్చు.

4.4 సరిచూసుకున్న దాఖలాలు:

మణుగూరు మండలంలో కూనవరం అనే గ్రామం ఉంది. పూర్వపు ఖమ్మం జిల్లాలో ఉండి 2014లో పోలవరం ముంపు కారణంగా ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాల్లో ఒకదాని పేరూ కూనవరమే. ఒకటి డోలి గాయకుడి ఊరు, రెండోది శబరి గోదావరిలో కలిసే చోటు. అంతర్జాలంలో వెతికి రాసిన నివేదికలో ఈ రెండు ఊళ్ల వివరాలు కలగాపులగం కావడానికి ఆస్కారముంది. అలాగే 2016కు ముందు వెలువడిన పుస్తకంలోని 'ఖమ్మం జిల్లా' అన్న మాటను మార్చకుండా దించితే పాఠకుడు దారితప్పుతాడు. ఛత్తీస్‌గఢ్ వైపునుంచి వలసవచ్చిన గుత్తికోయలను, తరాలుగా ఇక్కడున్న కోయలను ఒకటిగా లెక్కిస్తే గణాంకాలు తలకిందులవుతాయి. ఇటువంటి చోట్ల విద్యార్థి ఆగి సరిచూసుకున్నాడా అన్నది నిర్వహణకు బలమైన ఆనవాలు.

4.5 అనుమతి, తిరిగి అప్పగింత:

పాట పాడిన మనిషిని అడిగి రికార్డు చేశారా? పేరు వేయవచ్చునా అని అడిగారా? బయటివాళ్లకు చెప్పకూడని ఇలవేల్పు విషయాలను వదిలిపెట్టారా? పని పూర్తయ్యాక రికార్డు ప్రతిని గాని, ఫొటోలను గాని ఆ ఇంటికి తిరిగి చేర్చారా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు నివేదికలో ఒక పుటలో ఉండాలి. పోడు పట్టాల వివాదాలున్న చోట ఒక కుటుంబం పేరు, సాగు విస్తీర్ణం అచ్చులో కనిపించడంవల్ల ఆ కుటుంబానికి చిక్కులు రావచ్చు. విద్యార్థికి 4 క్రెడిట్లు ఇచ్చిన సమాచారం, ఇచ్చినవారికి నష్టం కాకూడదు.

5. మార్కుల పంపకం – ఒక ప్రతిపాదన:

పై ఆనవాళ్లను 100 మార్కులకు ఈ కింది విధంగా అమర్చవచ్చు. విషయాన్నిబట్టి అంకెలు కొంత మారినా, నివేదిక రచనకన్నా క్షేత్రపనికి ఎక్కువ బరువుండాలన్నది దీని వెనుక సూత్రం.

అ) ప్రశ్న రూపకల్పన, పరిధి నిర్ణయం: 15
ఆ) క్షేత్రపని, క్షేత్ర దినచర్య: 25
ఇ) సమాచార విశ్లేషణ, సరిచూపు: 20
ఈ) నివేదిక రచన: 15
ఉ) మౌఖిక పరీక్ష: 15
ఊ) అనుమతి, నైతికత, తిరిగి అప్పగింత: 10

ప్రతి అంశానికీ స్థాయులను వాక్యాలలో రాసిపెట్టుకోవాలి. ఉదాహరణకు క్షేత్రపనికి ఇచ్చిన 25 మార్కులను నాలుగు స్థాయులుగా వివరించవచ్చు. తేదీలు, చోట్లు, వక్తల వివరాలు పూర్తిగా ఉండి, మొదటి పర్యటనలో తేలని విషయానికి మళ్లీ వెళ్లిన దాఖలా ఉంటే 21 నుంచి 25. వివరాలు పూర్తిగా ఉన్నా మళ్లీ వెళ్లకపోతే 15 నుంచి 20. దినచర్య ఉన్నా వక్తల వివరాలు అరకొరగా ఉంటే 8 నుంచి 14. తర్వాత కూర్చొని ఒకేసారి రాసినట్టు స్పష్టంగా తెలిస్తే 7 లోపు. ఈ వివరణలను విద్యార్థికి సెమిస్టరు మొదట్లోనే అందజేయాలి. చివర్లో చూపిస్తే అవి తీర్పుగా మాత్రమే పనిచేస్తాయి, మొదట్లో చూపిస్తే బోధనగా పనిచేస్తాయి.

ఈ పంపకం ఫలితాన్ని ఎలా మారుస్తుందో చూడడానికి రెండు ఊహాత్మక ప్రాజెక్టులను తీసుకోవచ్చు. మొదటిది అందంగా అచ్చయిన 60 పుటల నివేదిక. వాక్యం నిర్దుష్టంగా ఉంది, దినచర్య మాత్రం పేరుకే ఉంది. రెండవది చేతిరాతతో 22 పుటల నివేదిక. వాక్యదోషాలున్నాయి, కాని ఆరు రోజుల దినచర్య, ముగ్గురు వక్తల వివరాలు, తిరిగి వెళ్లి సరిచూసుకున్న పదాల పట్టిక ఉన్నాయి. పై క్రమంలో మొదటిదానికి 8, 5, 8, 14, 5, 2 మార్కులు, రెండవదానికి 11, 21, 13, 7, 12, 8 మార్కులు వచ్చాయనుకుంటే మొత్తాలు వరుసగా 42, 72 అవుతాయి. నివేదిక రచన ఒక్కదాన్నే చూసిన పరీక్షకుడికి మొదటిది రెండవదానికన్నా రెట్టింపు మెరుగ్గా కనిపించేది. భాషాదోషాలను ఈ పద్ధతి క్షమించలేదన్నది కూడా గమనించాలి. రెండవ విద్యార్థి నివేదిక రచనలో 15కు 7 మాత్రమే పొందాడు. ఆ దోషం తన చోటికే పరిమితమై, చేసిన పనిని మింగేయకుండా ఆగింది.

మౌఖిక పరీక్షను విషయపరిజ్ఞాన పరీక్షగా మార్చకూడదు. 'జానపద సాహిత్యాన్ని నిర్వచించండి' అన్న ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరుకుతుంది. 'కట్టకు ఎన్ని ఆకులు? కల్లంలో లెక్క ఎవరు చూస్తారు? చెడిన ఆకును ఏం చేస్తారు?' అన్న ప్రశ్నలకు జవాబు కల్లం దగ్గర నిలబడినవారు తడుముకోకుండా చెబుతారు. కట్టకు 50 ఆకులని, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు అని పుస్తకం చదివినవారూ చెప్పగలరు. మూడో ప్రశ్న దగ్గర తేడా బయటపడుతుంది. విద్యార్థి కోరితే కోయలో జవాబు చెప్పే వీలు కల్పించి, ఆ భాష తెలిసిన ఒక అధ్యాపకుణ్ణి గాని, పెద్దను గాని పక్కన కూర్చోబెట్టడం మణుగూరు వంటి చోట అసాధ్యమేమీ కాదు.

6. పరీక్షకుల ఏకాభిప్రాయం:

పర్యవేక్షకుడు, బయటి పరీక్షకుడు విడివిడిగా మార్కులు వేసిన తరువాతే పోల్చుకోవాలి. ఇద్దరి తీర్పు ఎంతవరకు కలిసిందో చెప్పడానికి శాతం ఒక్కటే చాలదు, ఎందుకంటే యాదృచ్ఛికంగా కూడా కొన్ని తీర్పులు కలుస్తాయి. ఆ యాదృచ్ఛిక భాగాన్ని తీసివేసి చూపే కొలతను జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించారు. దానిని కప్పా అంటారు.

లెక్క తీరు తెలియడానికి ఊహాత్మకంగా 20 ప్రాజెక్టులను తీసుకుందాం. ఇద్దరూ 'నిర్వహణ సంతృప్తికరం' అన్నవి 9, ఇద్దరూ కాదన్నవి 5, మొదటివారు అవునని రెండోవారు కాదన్నవి 4, మొదటివారు కాదని రెండోవారు అవునన్నవి 2. తీర్పులు కలిసినవి 14, అంటే 0.70. మొదటివారు మొత్తం 13 ప్రాజెక్టులకు (0.65), రెండోవారు 11 ప్రాజెక్టులకు (0.55) అవునన్నారు. యాదృచ్ఛికంగా కలిసే వాటా 0.65 × 0.55, 0.35 × 0.45 అన్న రెండు లబ్ధాల మొత్తం, అంటే 0.515. వాస్తవంగా కలిసిన 0.70 నుంచి దీనిని తీసివేస్తే 0.185 మిగులుతుంది. దానిని 1 నుంచి 0.515 తీసివేయగా వచ్చిన 0.485తో భాగిస్తే కప్పా సుమారు 0.38. డెబ్బై శాతం కలిసిందని సంతృప్తిపడిన చోట అసలు ఏకాభిప్రాయం అంత గట్టిది కాదని ఈ అంకె హెచ్చరిస్తుంది.

ఈ లెక్కను పరీక్షకుల తప్పులు పట్టడానికి ఉపయోగించకూడదు. భేదం వచ్చిన ఆరు ప్రాజెక్టులను ముందు పెట్టుకొని, ఏ ప్రమాణవాక్యాన్ని ఇద్దరూ రెండు విధాలుగా అర్థం చేసుకున్నారో చర్చిస్తే మరుసటి ఏడాదికి ఆ వాక్యం స్పష్టమవుతుంది. మూల్యాంకన ప్రమాణాలు కూడా ప్రాజెక్టులాగే సవరణలతోనే పరిణతి పొందుతాయి.

7. ఆక్షేపణలు – సమాధానాలు:

7.1 ఈ పద్ధతికి అధ్యాపకుడి సమయం ఎక్కువ కావాలన్నది మొదటి ఆక్షేపణ. అది నిజమే. చివరివారంలో నివేదికలన్నీ చదివే భారాన్ని సెమిస్టరు పొడవునా పంచితే కొంత ఊరట లభిస్తుంది. పదిహేను రోజులకొకసారి దినచర్య చూసి, తేదీ వేసి సంతకం చేయడానికి ఒక్కొక్క విద్యార్థికి కొద్ది నిమిషాలు చాలు. ఆంధ్రప్రదేశ్ సామాజిక సేవా ప్రాజెక్టులో నివేదికతోపాటు దినచర్య, అమలు, ప్రదర్శన మూల్యాంకనంలో భాగంగా ఉండడం ఇది ఆచరణసాధ్యమని సూచిస్తుంది.

7.2 దినచర్యను కూడా కల్పించి రాయవచ్చునన్నది రెండో ఆక్షేపణ. ఒక రాత్రిలో నివేదికను దించడం సులభం. కాని పదిహేను రోజులకొకసారి సంతకం పడే పుస్తకాన్ని, మౌఖిక పరీక్షలో ఎదురయ్యే ప్రశ్నలను, ఊరి క్యాలెండరును మూడింటినీ ఏమార్చేలా కల్పించడానికి పట్టే శ్రమ నిజంగా గూడెం వెళ్లిరావడానికి పట్టే శ్రమకన్నా తక్కువేమీ కాదు.

7.3 మౌఖిక పరీక్షలో పక్షపాతానికి చోటుంటుందన్నది మూడో ఆక్షేపణ. ప్రశ్నలను, జవాబుల సారాన్ని అక్కడికక్కడే ఒక పత్రంపై నమోదు చేసి నివేదికకు జతపరచడమే దీనికి విరుగుడు. నమోదు లేని మౌఖిక పరీక్షకు మార్కులు వేయకూడదు.

7.4 తెలుగు చదివిన విద్యార్థికి తెలుగు రచనలో 15 మార్కులేనా అన్నది నాలుగో ఆక్షేపణ. ఇది గౌరవించవలసిన ప్రశ్న. రచనాశక్తిని మిగిలిన పత్రాలన్నీ మూడేళ్లపాటు పరీక్షిస్తూనే ఉన్నాయి. వినడం, అడగడం, నమోదు చేయడం, సరిచూడడం అన్న శక్తులను పరీక్షించే చోటు ప్రాజెక్టు ఒక్కటే. ఉన్న ఒక్క చోటునూ మళ్లీ రచనాపరీక్షగా మార్చడం న్యాయం కాదు.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన ప్రధానాంశాలు:

1. ప్రాజెక్టు మూల్యాంకనంలో నివేదిక ఒక సాక్ష్యం మాత్రమే. ప్రశ్న పరిణామం, కాలానికీ క్షేత్రానికీ పొందిక, క్షేత్ర దినచర్య, సరిచూపు, నైతికత మిగిలిన సాక్ష్యాలు.

2. నివేదికకే విలువకట్టే పద్ధతివల్ల ఇంటిభాష వేరైన విద్యార్థి చేసిన పని కనుమరుగై, పని చేయని నేర్పు పైకి వస్తుంది. మార్కులను అంశాలవారీగా విడగొడితే భాషాదోషం తన హద్దులో ఉంటుంది.

3. పోలిక శాతాలు, సాఫ్ట్‌వేర్ తనిఖీలు క్షేత్రపనికి ప్రత్యామ్నాయం కావు. తెలుగు పాఠాలకు వాటి ఉపయోగం ఇంకా పరిమితమే.

4. ప్రమాణవాక్యాలను ముందే ప్రకటించడం, ఇద్దరు పరీక్షకుల తీర్పులను లెక్కగట్టి పోల్చుకోవడం ద్వారా మూల్యాంకనం వ్యక్తిగత అభిరుచినుంచి బయటపడుతుంది.

5. మౌఖిక పరీక్ష విద్యార్థి ఇంటిభాషలోనూ జరగవచ్చు. ఏజెన్సీ ప్రాంత కళాశాలలు ఇందుకు మార్గదర్శకం కాగలవు.

ఈ మార్పుల్లో వెంటనే మొదలుపెట్టదగినది దినచర్య. దానికి కొత్త నిధులు గాని, కొత్త యంత్రాలు గాని అక్కరలేదు. ఆరో సెమిస్టరు మొదటివారంలో ప్రతి విద్యార్థి చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టి, దానిలో రాసిందానికి 25 మార్కులున్నాయని చెప్పాలి. సెమిస్టరు ముగిశాక ఆ పుస్తకాలను పారవేయకుండా ఊరిపేరు, తేదీలవారీగా కళాశాల గ్రంథాలయంలో భద్రపరచాలి. తరువాతి ఏడాది విద్యార్థి ముందటి ఏడాది దినచర్యను చదివి, అదే వక్త దగ్గరికి వెళ్లి, నిరుడు మిగిలిపోయిన ప్రశ్ననుంచి మొదలుపెట్టగలుగుతాడు. గాయకులు ఒక్కొక్కరుగా తగ్గిపోతున్న ప్రాంతంలో ఆ పుస్తకాల వరుసే కళాశాల తన ఊరికి ఇవ్వగలిగిన తొలి గ్రంథాలయం.